ఐటీఐఎల్ మొత్తం పెట్టాలా? చిన్న టీమ్ ఎక్కడ మొదలుపెట్టాలి?

టికెట్_కుప్ప:
సపోర్ట్ టీమ్‌లో 8 మంది, యూజర్లు సుమారు 600. పాస్‌వర్డ్ రీసెట్, కొత్త ల్యాప్‌టాప్, సర్వర్ డౌన్ అన్నీ ఒకే క్యూలో పడుతున్నాయి. పైనుంచి "ఐటీఐఎల్ పెట్టండి" అన్నారు. ఐటీ సర్వీసులు ఎలా నడపాలో చెప్పే పద్ధతుల సంకలనమట. దాని ఐటీఐఎల్ 4 వెర్షన్ చూస్తే 34 ప్రాక్టీసులున్నాయి. ఏవి ముందు? ఐఎస్‌ఓ 20000, కోబిట్ కూడా కావాలా?

రాత్రి_షిఫ్ట్:
ఆ మూడింటినీ ఒకే గాటన కట్టకండి. ఐటీఐఎల్ పని ఎలా చేస్తే బాగుంటుందో చెబుతుంది, తప్పనిసరి అనదు. దాని సర్టిఫికెట్ మనుషులకే, కంపెనీకి ఉండదు. కంపెనీకి ఆడిట్ చేసి ఇచ్చేది ఐఎస్‌ఓ/ఐఈసీ 20000-1, ఐటీ సర్వీసుల నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం. అది 2005లో మొదలైంది, ఇప్పుడు నడుస్తున్నది 2018 ఎడిషన్. కోబిట్ ఐసాకా అనే ఐటీ ఆడిట్, గవర్నెన్స్ నిపుణుల సంఘం వాళ్లది. ఐటీ మీద అజమాయిషీ ఎవరిది, రిస్క్ ఎవరు మోస్తారు అన్నది దాని గొడవ. క్లయింట్ కాంట్రాక్టులో ఐఎస్‌ఓ అడిగితే తప్ప ఎనిమిది మందితో దాని జోలికి పోనక్కర్లేదు. కోబిట్ అసలే వద్దు.

34లో మీకు ఇప్పుడు కావాల్సినవి నాలుగు: ఇన్సిడెంట్, సర్వీస్ రిక్వెస్ట్, ప్రాబ్లమ్, చేంజ్. మిగతావి ఉన్నాయని తెలిస్తే చాలు.

లాగ్‌ఫైల్:
ఆ నాలుగూ విడదీయడంలోనే చాలామంది తడబడతారు. ఉదాహరణకు ప్రతి సోమవారం మెయిల్ ఆగిపోతోంది. లాగ్‌లతో (సర్వర్ తన పనిని రాసుకునే ఫైళ్లతో) డిస్క్ నిండింది. పాత లాగ్‌లు తీసేస్తే 20 నిమిషాల్లో మెయిల్ నడిచింది. ఇన్సిడెంట్ అక్కడికి అయిపోయింది, మూసేయండి. ఎందుకు నిండింది అన్నది ప్రాబ్లమ్ టికెట్, దాన్ని వేరుగా తెరవాలి. లాగ్ రొటేషన్ (పాత లాగ్‌లు వాటంతటవే తీసేసే ఏర్పాటు) పెట్టలేదని తేలింది. దాన్ని నోన్ ఎర్రర్‌గా (కారణం తెలిసినా ఇంకా సరిచేయని లోపంగా) రాసి, "ఫలానా ఫోల్డర్ ఖాళీ చేయాలి" అని వర్కరౌండ్ (తాత్కాలిక ఉపాయం) పక్కనే పెట్టండి, రాత్రి ఫోన్ ఎత్తినవాడికి అదే దిక్కు. రొటేషన్ పెట్టడం చేంజ్. కారణం దొరికేదాకా ఇన్సిడెంట్ తెరిచి ఉంచితే మీ సగటు రిజల్యూషన్ టైమ్‌కి అర్థమే ఉండదు.

కొత్త ల్యాప్‌టాప్, యాక్సెస్ లాంటివి రిక్వెస్టులు. ఏదీ చెడిపోలేదు కాబట్టి వాటికి ప్రయారిటీ లెక్క అనవసరం. ఎన్ని రోజుల్లో ఇస్తారో కేటలాగ్‌లో (మీరిచ్చే సర్వీసుల జాబితాలో) రాస్తే సరిపోతుంది.

టికెట్_కుప్ప:
థాంక్సండి. ప్రయారిటీ మాత్రం ఇప్పుడు యూజరే ఎంచుకుంటున్నాడు. అందుకని అన్నీ "అర్జెంట్".

రాత్రి_షిఫ్ట్:
ఫారంలోంచి ఆ గడి తీసేయండి. దాని బదులు రెండు ప్రశ్నలు పెట్టండి: ఎంతమందికి పని ఆగింది? ఎప్పటిలోగా కావాలి? మొదటిది ఇంపాక్ట్, రెండోది అర్జెన్సీ. రెండింటికీ 1 నుంచి 3 దాకా అంకెలు, 1 అంటే ఎక్కువ. రెండూ కూడి ఒకటి తీసేస్తే పీ1 నుంచి పీ5 వస్తాయి. ఒక్కడి ప్రింటర్ ఆగితే ఇంపాక్ట్ 3, రేపటికైనా ఫర్వాలేదంటే అర్జెన్సీ 3, అంటే పీ5. తల లెక్క ఒక్కటే చూస్తే మాత్రం దెబ్బ తింటారు. జీతాలు వేసే రోజున పేరోల్ చూసే ఒక్క మనిషి సిస్టమ్ ఆగినా ఇంపాక్ట్ 1 కిందే లెక్క.

పీ1కి 15 నిమిషాల్లో రెస్పాన్స్, 4 గంటల్లో రిజల్యూషన్ అని మొదలెట్టొచ్చు. ఈ అంకెలు ఐటీఐఎల్‌లో ఉండవు, బిజినెస్‌తో మాట్లాడి మీరే ఖరారు చేసుకోవాలి.

శుక్రవారం_ఫ్రీజ్:
ఎస్‌ఎల్‌ఏ (ఎంత సేపట్లో చేస్తామన్న ఒప్పందం) పెట్టగానే వచ్చే జబ్బు "పెండింగ్". 10:00కి టికెట్ వచ్చింది. 10:20కి "ఏ బ్రౌజర్ వాడుతున్నారు?" అని అడిగి, టికెట్‌ని పెండింగ్‌లో పెట్టి ఎస్‌ఎల్‌ఏ గడియారం ఆపారు. 3:00కి జవాబొచ్చింది, 5:00కి పనైంది. యూజర్‌కి 7 గంటలు పోయాయి, రిపోర్ట్‌లో 2 గంటల 20 నిమిషాలే. పచ్చగానే ఉంటుంది. పుచ్చకాయ ఎస్‌ఎల్‌ఏ అనేది దీన్నే: పైన పచ్చ, కోస్తే ఎరుపు.

మందు: పెండింగ్‌కి కారణం ఎంచుకోవడం తప్పనిసరి చేయండి. యూజర్ జవాబివ్వగానే గడియారం దానంతటదే నడవాలి. పీ1లో పెండింగే ఉండకూడదు. రిపోర్ట్‌లో యూజర్‌కి పట్టిన టైమ్, గడియారం లెక్క రెండూ పక్కపక్కనే చూపించండి.

లాగ్‌ఫైల్:
దీనికి ఒకటి కలుపుతాను. 99.9% అప్‌టైమ్ అని సంతకం పెట్టేముందు లెక్క వేయండి. 30 రోజుల్లో సర్వీస్ ఆగడానికి మిగిలేది సుమారు 43 నిమిషాలు. నెట్‌వర్క్, అప్లికేషన్, డేటాబేస్ ఒక్కొక్కటీ 99.9% అయి, ఏది పడినా సర్వీస్ ఆగేటట్టుంటే మొత్తం 99.7% దగ్గరికి దిగుతుంది, అంటే దాదాపు 130 నిమిషాలు. ఒక్కో టీమ్ తన టార్గెట్ కొట్టినా మీ ఎస్‌ఎల్‌ఏ మునుగుతుంది.

టికెట్_కుప్ప:
మరి చేంజ్‌కి వారం వారం క్యాబ్ (చేంజ్‌లు పరిశీలించే కమిటీ) మీటింగ్ పెట్టాలా?

రాత్రి_షిఫ్ట్:
పెట్టాలి. లేకపోతే ఎవరు ఏం మార్చారో ఎవరికీ తెలియదు.

శుక్రవారం_ఫ్రీజ్:
ఒప్పుకోనండి. తెలియడానికి చేంజ్ క్యాలెండర్ చాలు. ఎనిమిది మందిలో క్యాబ్ అంటే ఆ ఎనిమిది మందే. ఐటీఐఎల్ 4 దీన్ని చేంజ్ ఎనేబుల్‌మెంట్ అంటుంది, చేంజ్ రకాన్ని బట్టి ఆమోదించేవాళ్లు మారొచ్చు. రోజూ చేసేవి, మెట్లు రాసి ఉన్నవి స్టాండర్డ్: ఒకసారి ఆమోదిస్తే మళ్లీ అడగక్కర్లేదు. నార్మల్‌కి సర్వీస్ ఓనర్, చేసేవాడు కాకుండా చూసే ఇంకొకరు. ఎమర్జెన్సీకి ఫోన్‌లో అనుమతి, పని అయ్యాక మర్నాటిలోగా రికార్డ్. ప్రతి వారం ఎమర్జెన్సీలు పెరుగుతుంటే మీ నార్మల్ దారి మరీ ఇరుకైందని అర్థం.

చేంజ్ ఫారంలో నేను ముందు చూసేది రోల్‌బ్యాక్ (చేంజ్ చెడితే వెనక్కి తిప్పడం) గడి. "బ్యాకప్ నుంచి రీస్టోర్" అని ఒక్క ముక్క ఉంటే తిప్పి పంపాల్సిందే. ఏ బ్యాకప్, ఎంత సేపు పడుతుంది, ఎన్ని గంటలకు వెనక్కి తిప్పాలని నిర్ణయిస్తారు, ఈ మూడూ ఉండాలి. చేంజ్‌కి ఇచ్చిన విండో (సమయం) 2 గంటలై రీస్టోర్‌కి 50 నిమిషాలు పడితే, 70వ నిమిషం దాటాక వెనక్కి తిప్పే టైమే మిగలదు.

రాత్రి_షిఫ్ట్:
సరే, క్యాలెండర్‌ని నిజంగా నింపితే నేనూ ఒప్పుకుంటా.

టికెట్_కుప్ప:
చివరిగా, సీఎండీబీ (మన సిస్టమ్‌లు, వాటి మధ్య లింకులు రాసుకునే డేటాబేస్)?

లాగ్‌ఫైల్:
స్కానర్‌తో దొరికిన ప్రతి మౌస్‌నీ ఎక్కించకండి, మూడు నెలల్లో చెత్తకుండీ అవుతుంది. అతి ముఖ్యమైన 5 సర్వీసులు తీసుకుని, ఒక్కోటి ఏ సర్వర్, ఏ డేటాబేస్, ఏ లింక్ మీద నిలబడిందో గీయండి. ఆ గీత మారే చేంజ్ ఏదైనా సరే, సీఎండీబీ దిద్దకుండా టికెట్ మూతపడకూడదు.