"వస్తు సంబంధ డేటాబేస్" అంటే చదివేవారికి ఏం అర్థమవుతుంది?

ప్రశ్న అడిగినవారు:

అందరికీ నమస్కారం. డేటాబేస్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ఒక్క మాట దగ్గర రెండు వారాలుగా ఆగిపోయాను. మూలంలో "కమర్షియల్ ఆబ్జెక్ట్-రిలేషనల్ డేటాబేస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్" అని ఉంది. నిఘంటువు పక్కన పెట్టుకుని మాటకు మాట రాస్తే "వాణిజ్య వస్తు సంబంధ డేటాబేస్ నిర్వహణ వ్యవస్థ" అయింది. తెలుగు బాగా చదివే, కంప్యూటర్లతో పని లేని ఒకావిడకి చూపించి ఏం అర్థమైందని అడిగాను. "వ్యాపారం సరుకులకు సంబంధించిన వివరాలు దాచుకునేది కదా" అన్నారు.

అప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. ఆవిడ తప్పుగా చదవలేదు. నేను రాసిన తెలుగు చెబుతున్నది అదే. ఆ మూడు మాటల్లో ఏది మార్చాలి? అన్నీ మార్చాలా?

గణితం టీచరు:

అన్నిటికంటే ముందు "సంబంధం" సంగతి తేల్చుకోవాలండీ. డేటాబేస్ గురించి తెలుగులో ఎక్కడ చూసినా "పట్టికల మధ్య సంబంధాలు ఉంటాయి కాబట్టి దాన్ని రిలేషనల్ అంటారు" అని రాస్తున్నారు. అది నిజం కాదు.

ఈ పద్ధతిని ప్రతిపాదించినవారు ఎడ్గార్ కాడ్. ఐబీఎంలో పనిచేస్తూ 1970లో ప్రచురించిన వ్యాసంలో, రిలేషన్ అనే మాటను గణితంలో అంగీకరించిన అర్థంలోనే వాడుతున్నానని ఆయనే స్పష్టంగా రాశారు. గణితంలో రిలేషన్ అంటే ఏమిటో మనం బడిలోనే చదువుకున్నాం. రెండు సమితుల కార్టీజియన్ లబ్ధం తీసుకుంటే క్రమయుగ్మాలన్నీ వస్తాయి. వాటిలోంచి మనకు కావలసినవి ఏరుకున్న ఉపసమితి పేరే సంబంధం. సమితులు రెండే ఉండాలని లేదు, ఎన్నయినా ఉండవచ్చు. విద్యార్థి సంఖ్య, పాఠ్యాంశం, మార్కులు అనే మూడింటిని కలిపిన వరుసల సమితి ఒక సంబంధం. అంటే సంబంధం ఉన్నది పట్టికకీ పట్టికకీ మధ్య కాదు, ఒక పట్టిక లోపలే. ఆ పట్టికే సంబంధం. ఒకే ఒక్క పట్టిక ఉన్న డేటాబేస్ కూడా రిలేషనల్ డేటాబేసే.

ఇక్కడ మన విభక్తులు బాగా పనికొస్తాయి. మామూలు మాటల్లో సంబంధం అంటే "మధ్య" రావాలి, లేదా "తో" రావాలి. "ఈ రెంటి మధ్య సంబంధం", "దానితో సంబంధం" అంటాం. గణితం పుస్తకంలో అలా ఉండదు. "ఏ నుండి బీకి ఒక సంబంధం" అని ఉంటుంది. "మధ్య" స్థానంలో "నుండి", "కి" వచ్చాయంటే అది వేరే సంబంధం అని గుర్తుపట్టవచ్చు. మా పిల్లలకి నేను ఇలాగే చెబుతాను.

డేటాబేస్ పని చేసేవారు:

టీచరు గారూ, ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి నేను కూడా కొత్తగా చేరినవాళ్లకి "పట్టికల మధ్య సంబంధాలు" అనే చెప్పాను. ఇక చెప్పను.

అయితే ఇంగ్లీషులో దీనికి రెండు మాటలున్నాయి. పట్టికను రిలేషన్ అంటారు. పట్టికకీ పట్టికకీ ఉండే లంకెను రిలేషన్‌షిప్ అంటారు. పీటర్ చెన్ 1976లో ఎంటిటీ-రిలేషన్‌షిప్ పద్ధతిని ప్రతిపాదించాక ఆ రెండో మాట బాగా పాతుకుపోయింది. తెలుగులోకి వచ్చేసరికి రెండూ "సంబంధం" అయిపోతున్నాయి. గందరగోళానికి సగం కారణం అదే. ఫారిన్ కీతో, అంటే ఒక పట్టికలోంచి మరో పట్టికలోని వరుసను చూపించే నిలువు వరుసతో, ఏర్పడేదాన్ని "లంకె" అంటే చాలు కదా? పొట్టి మాట, అందరికీ తెలిసిన మాట.

గణితం టీచరు:

"లంకె" చాలా బాగుంది. ఒక చిన్న సవరణ మాత్రం. 1970 వ్యాసంలోనే రిలేషన్‌షిప్ అనే మాట కూడా ఉంది, అది కూడా లంకె కాదు. గణితంలోని సంబంధంలో ఏది ముందు, ఏది వెనుక అన్నది ముఖ్యం. మొదటి నిలువు వరుసను రెండోదాని స్థానంలో పెడితే అది వేరే సంబంధం అవుతుంది. ముప్పై నిలువు వరుసలుంటే వాటి క్రమం ఎవరికి గుర్తుంటుంది? అందుకని నిలువు వరుసలకి పేర్లు పెట్టి, క్రమంతో పని లేకుండా చేసిన రూపాన్ని కాడ్ రిలేషన్‌షిప్ అన్నారు. ఆ వాడుక నిలవలేదు. పేర్లు పెట్టే పద్ధతి మాత్రం నిలిచింది.

వ్యాకరణం చూసే సభ్యులు:

నేను సమాసం గురించి చెబుతాను. అసలు చిక్కు అక్కడే ఉందని నా అభిప్రాయం.

"వస్తుసంబంధం" అనగానే తెలుగు చెవి తత్పురుషగానే వింటుంది. వస్తువు యొక్క సంబంధం, లేదా వస్తువుతో సంబంధం. మూలంలో ఆబ్జెక్ట్, రిలేషనల్ రెండూ సమానంగా ఉన్నాయి, అది ద్వంద్వం లాంటిది. మనకి ద్వంద్వం అంటే బహువచనం ఉండాలి. అన్నదమ్ములు, కష్టసుఖాలు, రాత్రింబవళ్లు. ఆ బహువచనమే ద్వంద్వానికి గుర్తు. సమాసాన్ని తీసుకెళ్లి "డేటాబేస్" అనే మాట ముందు విశేషణంగా నిలబెడితే ఆ గుర్తు ఊడిపోతుంది. "స్త్రీపురుష భేదం" లాంటి చోట్ల ఊడిపోయినా ఇబ్బంది లేదు. ఆ జంట ముందే మన మనసులో ఉంటుంది, పైగా రెండూ ఒక జాతి మాటలు. వస్తువు, సంబంధం ఒక జాతివి కావు. వాటిని జంటగా ఎవరూ ఎప్పుడూ విని ఉండరు. కాబట్టి ద్వంద్వంగా వినమని అడగటం అన్యాయం. మధ్యలో చిన్న గీత పెట్టినా లాభం లేదు, గీత కంటికి కనిపిస్తుందే గాని చెవికి వినిపించదు.

"సంబంధాత్మక" అనవచ్చు. సంబంధమే ఆత్మగా, అంటే స్వరూపంగా కలది. టీచరు గారు చెప్పిన అర్థానికి ఇది అచ్చంగా సరిపోతుంది. దత్తాంశమే సంబంధం రూపంలో ఉంటుంది కాబట్టి సంబంధాత్మకం. విడిగా "సంబంధాత్మక డేటాబేస్" అంటే నాకు అభ్యంతరం లేదు. దాని ముందు "వస్తు" తగిలిస్తే మాత్రం మళ్లీ మొదటికి వస్తాం.

డేటాబేస్ పని చేసేవారు:

సమాసాన్ని విడదీసి చెప్పే విగ్రహవాక్యం దాకా వచ్చాం కాబట్టి ఒక విషయం. మా పనిలో "ఆబ్జెక్ట్-రిలేషనల్" రెండు చోట్ల వస్తుంది, రెండు చోట్లా అర్థం వేరు.

ఒకటి ఆబ్జెక్ట్-రిలేషనల్ మ్యాపింగ్. ప్రోగ్రాములో ఆబ్జెక్టులుంటాయి, అంటే వివరాలూ వాటి మీద చేసే పనులూ ఒకచోట కట్టిన మూటలు. డేటాబేస్‌లో పట్టికలుంటాయి, రెండిటికీ పొసగదు, మధ్యలో ఒక దుబాసీ కావాలి. అది ఈ మ్యాపింగ్. ఇక్కడ విగ్రహవాక్యం "ఆబ్జెక్టులకీ పట్టికలకీ మధ్య". రెండో చోటు ఈ పోస్టులో అడిగిన డేటాబేస్. ఇందులో దుబాసీ ఉండదు. పట్టికలే పెరిగి ఆబ్జెక్టులకి కూడా చోటిస్తాయి. "పట్టికలూ, వాటిలో ఆబ్జెక్టులూ" అనాలి. ఇంగ్లీషులో ఒకే జంటమాట రెండిటికీ సరిపెట్టారు. తెలుగులో విడదీసి చెప్పే అవకాశం మనకుంది.

ఈ డేటాబేస్‌లు ఎందుకొచ్చాయో తెలిస్తే మాట ఎంచుకోవడం కూడా తేలికవుతుంది. పాత పట్టికల్లో అంకెలు, తేదీలు, చిన్న చిన్న పదాలు పెట్టుకోవచ్చు. మ్యాపు మీద ఒక ప్రాంతం హద్దును పెట్టాలంటే? ఒక బొమ్మను పెట్టాలంటే? బైట్ల మూటగా పెట్టవచ్చు గాని, "ఈ బిందువు ఆ హద్దు లోపల ఉందా" అని డేటాబేస్‌ని అడగలేం. బిందువంటే ఏమిటో దానికి తెలియదు. మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం బర్క్‌లీలో 1986లో మొదలుపెట్టిన పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఈ సమస్యనే పట్టుకుంది. బిందువు, పెట్టె లాంటి కొత్త రకాలను వాడేవారే ప్రకటించుకోవచ్చు, వాటి మీద చేసే పనులను కూడా నేర్పవచ్చు. దానిలోంచి ఇలస్ట్రా అనే అమ్మకపు ఉత్పత్తి వచ్చింది, తర్వాత దాన్ని ఇన్ఫార్మిక్స్ అనే డేటాబేస్ కంపెనీ కొనుక్కుంది. ఒరాకిల్ అనే మరో డేటాబేస్ 1997లో తన 8వ వెర్షన్‌లో ఆబ్జెక్ట్ రకాలను చేర్చింది. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్. దాని 1999 ప్రమాణంలో ఇలాంటి రకాలకీ, ఒక రకం నుంచి మరో రకానికి వచ్చే వారసత్వానికీ చోటు దొరికింది.

ప్రశ్న అడిగినవారు:

చాలా ఉపయోగపడింది. "వారసత్వం" మీద నాకు పేచీ లేదు, చదివినవారికి వెంటనే తెలుస్తోంది. "వస్తువు" మీద మాత్రం ఉంది. మీరు ఆబ్జెక్టును వస్తువు అనడం లేదు, గమనించాను.

డేటాబేస్ పని చేసేవారు:

అవును, కావాలనే అనలేదు. వస్తువు అంటే చేత్తో ముట్టుకునేది, లేదా సరుకు. సాహిత్యంలో కథావస్తువు ఉంది, అది ఇంకా దూరం. అది అలా ఉంచి, అసలు మా వైపు ఆబ్జెక్ట్ అనే మాటే స్థిరంగా లేదు. ఒరాకిల్‌లో పట్టిక, వ్యూ, ఇండెక్స్ అన్నిటినీ స్కీమా ఆబ్జెక్టులంటారు. "యూజర్ ఆబ్జెక్ట్స్" అనే జాబితా తెరిస్తే అవన్నీ కనిపిస్తాయి. అదే ఒరాకిల్‌లో "క్రియేట్ టైప్" అని రాసి ఆబ్జెక్ట్ రకం తయారుచేస్తే అది వేరే ఆబ్జెక్ట్, దానికి గుణాలుంటాయి, పద్ధతులుంటాయి. ఇక బ్లాబ్ ఉంది. దాని పూర్తి పేరులో కూడా ఆబ్జెక్ట్ ఉంది, కానీ అది ఉత్త బైట్ల మూట, ఏ పద్ధతీ తెలియదు. ఒకే పుస్తకంలో మూడు అర్థాలు. మూడింటినీ వస్తువు అని రాస్తే చదివేవాడు దారి తప్పుతాడు. మొదటిదాన్ని "అంశం" అనండి, మూడోదాన్ని బ్లాబ్ అనే ఉంచండి. రెండోదానికి మాత్రమే ఆబ్జెక్ట్ కేటాయించండి.

వ్యాకరణం చూసే సభ్యులు:

ఒప్పుకుంటున్నాను. నేను తెలుగు మాటలవైపు మొగ్గేవాణ్ణే. అయినా అరువు మాట ఒక్క అర్థానికి కట్టుబడి, సొంత మాట మూడు వైపులా లాగుతుంటే అరువు మాటే మేలు.

"వాణిజ్య" గురించి ఎవరూ అనలేదు. దాన్ని విశేషణంగా ముందు పెడితే "వాణిజ్యానికి పనికొచ్చే" అని వినిపిస్తుంది, వాణిజ్య పంట, వాణిజ్య పన్ను లాగ. ఇక్కడ ఉద్దేశం లైసెన్సు కొనుక్కుని వాడేదని. పోస్ట్‌గ్రెస్‌కి నేటి రూపమైన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌ని ఎన్నో వ్యాపారాలు వాడుకుంటున్నా అది ఉచితమే. కాబట్టి ఆ ముక్కను విశేషణంలోంచి తీసి క్రియలో పెట్టండి.

ప్రశ్న అడిగినవారు:

అయితే ఇలా రాస్తున్నాను, చూడండి. "ఇది ఆబ్జెక్ట్-రిలేషనల్ డేటాబేస్ వ్యవస్థ. పట్టికలతో పాటు ఆబ్జెక్టులను కూడా దాచుకోగలదు. లైసెన్సు కొనుక్కుని వాడాలి." రిలేషనల్ మొదటిసారి వచ్చినచోట టీచరు గారి మాటల్లో సంబంధం అంటే గణితం అర్థమేనని, లంకెలు వేరని ఒక పేరా పెడతాను.

డేటాబేస్ పని చేసేవారు:

మిగతావన్నీ సరే, "దాచుకోగలదు" ఒక్కటి మార్చండి. దాచడం బ్లాబ్ కూడా చేస్తుంది. "కొత్త రకాలను ప్రకటించి, వాటిని పట్టికల్లో పెట్టుకుని, వాటి గురించి ప్రశ్నలు కూడా అడగవచ్చు" అనండి. పొడవైనా ఫరవాలేదు, మీరు చూపించిన ఆవిడకే మళ్లీ చూపించి ఏమన్నారో ఇక్కడ రాయండి.