బడిపిల్లల్ని అంటార్కిటికా తీసుకెళ్లాలా, వెళ్లొచ్చినవాళ్ల మాట వింటే చాలదా?

రెడింగ్‌వాసి:
మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. పోయిన నెల మా అమ్మాయి బడిలో రాబర్ట్ స్వాన్ ప్రసంగం వీడియో వేశారు. తెలియనివాళ్ల కోసం: రెండు ధ్రువాలకూ కాలినడకన చేరిన మొదటి మనిషి ఆయన. ఇద్దరు తోడు రాగా 1986 జనవరి 11న దక్షిణ ధ్రువం, ఒక బృందంతో కలిసి 1989 మేలో ఉత్తర ధ్రువం చేరాడు. ఆ రోజు పిల్ల అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఆయన గురించే చెప్పింది. వారం తిరక్కుండానే ఒక ట్రావెల్స్ వాళ్లు బడికొచ్చి, విద్యార్థులకు అంటార్కిటికా ఓడ యాత్ర అంటూ కరపత్రాలు పంచారు. అంత డబ్బు పెడితే మంచి కారే వస్తుంది. "చూడకుండా ఎలా కాపాడతామమ్మా?" అంటోంది. ఏం చెప్పాలో తోచలేదు. పంపడం సబబేనా?

ఓడెక్కినవాడు:
పంపండి మేడం. నేను 2018లో అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా నుంచి వెళ్లాను. డ్రేక్ జలసంధి దాటిన రెండు రోజులూ వాంతులే. ఒడ్డున దిగే ముందు, బయటి మొక్కలు అక్కడ మొలవకూడదని, బూట్ల అడుగున ఇరుక్కున్న ఒక్కో గింజనూ పుల్లతో తీయించి, మందు నీళ్లలో కడిగించారు. ఒకేసారి వందమందికి మించి దిగనివ్వరు. హిమానీనదం నుంచి మంచు విరిగి పడుతుంటే, ముందు ముక్క జారడం కనబడింది, ఆ తర్వాతే ఉరుములాంటి చప్పుడు వచ్చింది. తిరిగొచ్చిన ఏడాదికి ఉద్యోగం మానేసి సోలార్ పనిలోకి దిగాను. స్వాన్ కూడా ఏళ్ల తరబడి యువతను అక్కడికి తీసుకెళ్తున్నాడు. ఊరికే తీసుకెళ్లడుగా?

సిక్కోలు మాస్టారు:
మీ జీవితం మారినందుకు సంతోషం తమ్ముడూ. కానీ ఈ మధ్య ఒక్కో సీజన్‌లో అక్కడికి లక్షమందికి పైగా వెళ్తున్నారు. ఓడల పొగలోని మసి మంచు మీద పడితే ఎండ వేడిని పీల్చుకుంటుంది, మంచు ఇంకా త్వరగా కరుగుతుంది. కాపాడటం నేర్పడానికి ఆ దారి నాకు నచ్చదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ఓజోన్ పాఠం ఎప్పుడూ స్వాన్ కథతోనే మొదలుపెడతాను. చేతిలో రేడియో లేదు, 70 రోజులు, దాదాపు 1,400 కిలోమీటర్లు. ముఖం కమిలి పొక్కులు లేచాయి, కళ్ల రంగే వెలిసిపోయిందని ఆయనే చెబుతాడు. ఎండలోని హానికర కిరణాల్ని ఆపేది ఓజోన్ పొర. అంటార్కిటికా పైన అది పలచబడిందని బ్రిటిష్ శాస్త్రవేత్తలు ప్రకటించింది 1985లో. ఆ ఏడాది చివర్లోనే వీళ్లు నడక మొదలుపెట్టారు. పుస్తకంలో రెండు వాక్యాల్లో ఉన్న సంగతి ఒక మనిషి ఒంటి మీద కనిపించేసరికి పిల్లలు కదలకుండా వింటారు. 1987 మాంట్రియల్ ఒప్పందంతో ఫ్రిజ్‌ల్లో, స్ప్రే డబ్బాల్లో వాడే, ఓజోన్‌ను తినేసే సీఎఫ్‌సీ వాయువులకు కళ్లెం పడింది, ఆ పొర మెల్లగా కోలుకుంటోంది. అదీ చెప్పాలి. లేకపోతే పిల్లలకు భయమే మిగులుతుంది.

అయితే ఆయన కథలో నాకు నడక కన్నా పెద్దది ఇంకోటి ఉంది. కింగ్ జార్జ్ దీవిలో రష్యావాళ్ల బెల్లింగ్స్‌హౌసెన్ కేంద్రం దగ్గర ఏళ్లుగా పోగుపడిన 1,500 టన్నుల చెత్తను ఎత్తించి, ఓడకెక్కించి బయటికి పంపించాడు. ధ్రువానికి 70 రోజులు పట్టింది, ఈ పనికి 8 ఏళ్లు. ఈ ముక్క చెప్పగానే మా ఎనిమిదో తరగతి పిల్లాడొకడు "డబ్బెవడిచ్చాడు సార్?" అన్నాడు. చందాలు అడుక్కున్నాడురా అన్నాను.

ఆ ఆదివారం మా ఊరి తీరం శుభ్రం చేద్దామంటే పంతొమ్మిది మంది పిల్లలు వచ్చారు. మా తీరానికి జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో కూరుకుపోయిన నైలాన్ వల ముక్కలు లాగాం. ఒక ముక్కలో తాబేలు ముందు రెక్క చిక్కుకుని ఎండిపోయి ఉంది, రెక్క ఒక్కటే. ఆ పిల్లల నాన్నలు చాలామంది వేటకెళ్లేవాళ్లే. ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో గానీ, మర్నాడు ఇద్దరు తండ్రులు చిరిగిన వలలు తెచ్చి బళ్లో ఇచ్చి వెళ్లారు. దీనికి ఓడ టికెట్ అక్కర్లేదు.

లా స్టూడెంట్:
స్వాన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. 2041లో అంటార్కిటికా గనుల నిషేధం ముగిసిపోతుందని చాలామంది అనుకుంటారు, స్వాన్ సంస్థ పేరులోనూ ఆ ఏడాదే ఉంది. అక్కడ గనుల తవ్వకాన్ని నిషేధించిన మాడ్రిడ్ ఒప్పందంపై సంతకాలు జరిగిన 1991కి యాభై కలిపితే వచ్చే లెక్క అది. ఒప్పందం అమల్లోకి వచ్చింది 1998లో. కాబట్టి 2048 తర్వాత ఓటు హక్కున్న ఏ సభ్య దేశమైనా సమీక్ష కోరవచ్చు. అడగనంతవరకూ నిషేధం దానంతటది పోదు. పిల్లలకు గడువు చెప్పి కంగారు పెట్టకండి.

ఓడెక్కినవాడు:
మసి సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ వెళ్లొచ్చినవాళ్లు ఒక్కరైనా లేకపోతే మీకు ఆ కథ ఎక్కడిది?

సిక్కోలు మాస్టారు:
నిజమే. వెళ్లేవాళ్లు వెళ్లాలి, పరిశోధకులు వెళ్లాలి. అంటార్కిటికాలోని మన మైత్రి, భారతి పరిశోధన కేంద్రాల్లో పనిచేసొచ్చినవాళ్లను బడులకు పిలవమని నేనే అడుగుతుంటాను. పదిహేనేళ్ల పిల్లకు కరపత్రం చేతికివ్వడమే నాకు బాధ.

రెడింగ్‌వాసి:
ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను, తెలుగు చదవడం ఇంకా నేర్చుకుంటోంది. యాత్ర మాట పక్కన పెట్టింది. మాస్టారూ, తను ఒకటి అడగమంది: ఆ వల ముక్కలు తర్వాత ఎక్కడికి వెళ్లాయి?

సిక్కోలు మాస్టారు:
ఎక్కడికీ వెళ్లలేదమ్మా. బడి వెనక గోడకి ఆనించి పదకొండు గోనె సంచులున్నాయి. తీసుకుపోయేవాళ్ల కోసం ఇంకా వెతుకుతున్నాం. ఇక్కడ చదివేవాళ్లలో ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి.