అప్‌డేట్: వెగాస్, గ్రాండ్ కాన్యన్ ఆర్వీ ట్రిప్ అయింది

అమ్మానాన్నలతో ఆర్వీలో (లోపలే పడకలు, వంటగది ఉండే పెద్ద బండి) గ్రాండ్ కాన్యన్ వెళ్తూ దారిలో లాస్ వెగాస్‌లో ఆగాలా వద్దా అని పోయిన నెల అడిగాను కదా. ఆగమన్నవాళ్లందరికీ చేతులెత్తి దండం!

రెండు రాత్రులు ఆగాం. మీరు చెప్పినట్టే బండిని ఆర్వీ పార్కులో పెట్టేసి, స్ట్రిప్ (పెద్ద హోటళ్లు, కాసినోలు ఉండే మెయిన్ రోడ్డు) మీద డ్యూస్ అనే సిటీ బస్సులో తిరిగాం. అంత పొడుగు బండితో ఆ ట్రాఫిక్‌లోకి అస్సలు వెళ్లకండి. బెల్లాజియో హోటల్ ముందు ఫౌంటెన్లు రాత్రి 8 దాటాక పావుగంటకోసారి వేస్తారు. ఒక్కటి చూసి వెళ్దామనుకున్నాం, అమ్మ నాలుగు చూసేదాకా కదల్లేదు. రెయిలింగ్ పట్టుకుని, తుంపర మొహాన పడుతుంటే చిన్నపిల్లలా నవ్వింది.

వెగాస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, అంటే సౌత్ రిమ్, సుమారు 280 మైళ్లు. కార్లో నాలుగున్నర గంటలంటారు గానీ ఆర్వీకి ఆరు వేసుకోండి. మేమున్న మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్‌లు (బండికి కరెంటు, నీళ్ల కనెక్షన్లు) లేవు, 30 అడుగులు దాటిన బండ్లను రానివ్వరు. హుకప్ కావాలంటే పక్కనే ట్రైలర్ విలేజ్ అనే ఆర్వీ పార్కు ఉంది. అక్కడ ఎత్తు దాదాపు 7,000 అడుగులు, అక్టోబర్‌లోనే రాత్రుళ్లు వణికించేసింది. పెద్దవాళ్లుంటే రగ్గులు ఎక్కువే పెట్టుకోండి.

తెల్లారుజామున మాథర్ పాయింట్ దగ్గర ఎండ ఒక్కో రాతి పొర మీదికి దిగుతుంటే నాన్న శాలువా కప్పుకుని అరగంట మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “ఇంకో రోజు ఉందామా?” అన్నారు. ఉన్నాం.