జాంగోలో బిల్లుల లిస్టుకి 101 క్వెరీలు, తగ్గించేదెలా?

కిరాణాకోడ్: మా బాబాయి షాపుకి జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) బిల్లింగ్ యాప్ రాస్తున్నానండి. బిల్‌లో కస్టమర్‌కి ఫారిన్ కీ (వేరే టేబుల్ రికార్డుకి లింకు) ఉంది, ఐటమ్‌లో బిల్‌కి ఉంది, రిలేటెడ్ నేమ్ ఐటమ్స్ అని పెట్టాను. పేజీకి 50 బిల్లులు చూపిస్తుంటే డీబగ్ టూల్‌బార్‌లో 101 క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) కనిపిస్తున్నాయి. సెలెక్ట్ రిలేటెడ్‌లో కస్టమర్, ఐటమ్స్ రెండూ ఇస్తే ఫీల్డ్ ఎర్రర్ కొడుతోంది. ఇంకోటి, లింకైన రికార్డు తీసేస్తే ఏం చేయాలో చెప్పే ఆన్ డిలీట్‌కి అందరూ కాస్కేడ్ (దాంతోపాటు ఇవీ తీసేయడం) రాస్తున్నారు, అదే పెట్టేయనా?

పాతసర్వర్: లిస్టుకి ఒకటి, ప్రతి బిల్లుకీ కస్టమర్ కోసం ఒకటి, ఐటమ్స్ కోసం ఇంకోటి, అదీ మీ 101 లెక్క. బిల్లుకి కస్టమర్ ఒక్కరే కాబట్టి సెలెక్ట్ రిలేటెడ్ జాయిన్ వేసి, అంటే రెండు టేబుళ్లూ కలిపి, ఒకే క్వెరీలో తెచ్చేస్తుంది, కానీ ఐటమ్స్ చాలా ఉంటాయి, అటువైపు అది పనిచేయదు, ఎర్రర్ అందుకే. వాటికి ప్రీఫెచ్ రిలేటెడ్ వాడండి. అది 50 బిల్లుల ఐడీలనీ ఇన్ క్లాజ్‌లో పెట్టి ఇంకో క్వెరీ కొట్టి, ఏ ఐటమ్ ఏ బిల్లుదో పైథాన్‌లో కలుపుతుంది. మొత్తం 2 క్వెరీలు.

లూప్‌లోపల: ప్రీఫెచ్ పెట్టాక కూడా క్వెరీలు తగ్గలేదని చాలామంది ఇక్కడికే వస్తారు. బిల్ మోడల్లో వాపస్ వచ్చిన సరుకు లెక్కేసే మెథడ్ రాసి, అందులో ఐటమ్స్ మీద ఫిల్టర్ పెడితే, ముందే తెచ్చుకున్నవాటిని పక్కనపెట్టి జాంగో ప్రతి బిల్లుకీ మళ్లీ డేటాబేస్‌కే వెళ్తుంది. ఐటమ్స్ ఆల్ తీసుకుని పైథాన్ ఇఫ్‌తో వడకట్టండి, లేదా ప్రీఫెచ్ ఆబ్జెక్ట్‌లోనే ఫిల్టర్ చేసిన క్వెరీసెట్ ఇచ్చి టు యాట్రిబ్యూట్‌తో వేరే పేరు పెట్టండి. అన్నట్టు, కస్టమర్ ఐడీ ఒక్కటే కావాలంటే బిల్ టేబుల్లోనే ఉంది కదా, బిల్ డాట్ కస్టమర్ అండర్‌స్కోర్ ఐడీ అంటే చాలు.

డీబీ_మామ: కాస్కేడ్ గుడ్డిగా పెట్టకు బ్రో! జాంగో 2.0 నుంచి ఆన్ డిలీట్ రాయక తప్పదు, దాంతో జనం ఆలోచించకుండా కాస్కేడే కాపీ కొట్టేస్తున్నారు. బిల్లు పోతే ఐటమ్స్ పోవడం సరే, కస్టమర్‌ని తీసేస్తే పాత బిల్లులు పోతే రేపు జీఎస్టీకి ఏం చూపిస్తావ్? అక్కడ ప్రొటెక్ట్ పెట్టు, బిల్లులున్న కస్టమర్‌ని డిలీట్ చేయనివ్వదు. సెట్ నల్ (లింకు ఖాళీ చేయడం) అయితే ఫీల్డ్‌కి నల్ ట్రూ కూడా ఉండాలి. మామూలుగా ఈ కాస్కేడ్ పని చేసేది జాంగోనే, డేటాబేస్ కాదు, నేరుగా ఎస్‌క్యూఎల్‌లో డిలీట్ కొడితే పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీ ఎర్రర్ ఇస్తుంది.

కిరాణాకోడ్: 2కి దిగింది, థాంక్సండి! ప్రొటెక్ట్ కూడా పెట్టేశా. ఐటమ్‌లో ప్రొడక్ట్‌కి ఇంకో ఫారిన్ కీ ఉంది, పేరు చూపిస్తే మళ్లీ పెరుగుతున్నాయి.

పాతసర్వర్: ప్రీఫెచ్‌లో ఐటమ్స్ తర్వాత రెండు అండర్‌స్కోర్లు పెట్టి ప్రొడక్ట్ అని రాయండి, 3 అవుతాయి.