రక్త పరీక్ష విలువలకు లాగ్ తీసుకోవడం: ఎప్పుడు సరైనది, ఫలితాన్ని ఎలా చెప్పాలి?

ప్రశ్న

నమస్కారం. కీళ్లవాతం ఉన్న రోగుల రక్తంలో సి-రియాక్టివ్ ప్రోటీన్ (వాపును సూచించే ప్రోటీన్) ఎంత ఉందో కొలిచిన దత్తాంశాన్ని విశ్లేషిస్తున్నాను. విలువల్లో ఎక్కువ భాగం లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపే ఉన్నాయి, కొన్ని మాత్రం 100 దాటాయి. అందువల్ల హిస్టోగ్రామ్ కుడివైపు పొడవుగా సాగిపోయింది. దత్తాంశం నార్మల్ విభాజనంలో (గంట ఆకారంలో) లేదు కనుక లాగ్ తీసుకోవాలని మా మార్గదర్శకులు సూచించారు. సహజ లాగ్ తీసుకొని, వయసు, చికిత్సా వర్గం అనే రెండు చలరాశులతో రిగ్రెషన్ (వాటిని బట్టి విలువను అంచనా వేసే సమీకరణం) చేస్తే, రెండో వర్గానికి గుణకం 0.47 వచ్చింది, దాని ప్రామాణిక దోషం (అంచనాలోని అనిశ్చితి) సుమారు 0.1.

నా సందేహాలు మూడు. దత్తాంశాన్ని నార్మల్‌గా మార్చడమే లాగ్ తీసుకోవడానికి అసలు కారణమా? 0.47 అంటే 47 శాతం ఎక్కువ అని రాయవచ్చా? యంత్రం కొలవలేకపోయిన కొన్ని నమూనాలకు 0 అని నమోదైంది. సున్నాకు లాగ్ లేదు కాబట్టి అన్ని విలువలకూ 1 కలిపి లాగ్ తీసుకున్నాను. ఇది సరైన పద్ధతేనా?

సమాధానం 1

మొదటి సందేహం తీరితే రెండోది దానంతట అదే తేలిపోతుంది కాబట్టి దాని గురించే ఎక్కువగా రాస్తాను. మామూలు రిగ్రెషన్‌లో మనం ‘రెండు వర్గాల మధ్య తేడా ఎన్ని మిల్లీగ్రాములు’ అని అడుగుతాం, లాగ్ తీసుకున్నాక ‘ఒకటి మరొకదానికి ఎన్ని రెట్లు’ అని అడుగుతాం. 1614లో జాన్ నేపియర్ లాగరిథమ్ పట్టికలను ప్రచురించింది గుణకారాన్ని కూడికగా మార్చి లెక్కలు తేలిక చేయడానికి. ఇక్కడ కూడా లాగ్ చేసే పని అదే. మీ దత్తాంశంలో 4 నుంచి 8కి పెరగడం, 100 నుంచి 200కు పెరగడం ఒకే తరహా మార్పు అని మీరు భావిస్తే లాగ్ సరైన కొలబద్ద. వాపును సూచించే ఇలాంటి ప్రోటీన్ల విషయంలో ఆ భావన సహేతుకమైనదేనని నా అభిప్రాయం, ఎందుకంటే 4 మిల్లీగ్రాముల పెరుగుదల తక్కువ విలువ ఉన్న రోగికి చాలా పెద్దది, 100 దగ్గర ఉన్న రోగికి లెక్కలోకి రానిది.

నార్మల్ విభాజనం గురించిన షరతు రిగ్రెషన్‌లో అవశేషాలకు, అంటే అసలు విలువలకూ అంచనా విలువలకూ మధ్య తేడాలకు, వర్తిస్తుంది. మూల విలువల హిస్టోగ్రామ్ ఎలా ఉన్నా ఇబ్బంది లేదు, స్వతంత్ర చలరాశులకైతే ఆ షరతు అసలే లేదు. నమూనా పెద్దదైనప్పుడు అంతకన్నా ముఖ్యమైనది అవశేషాల వ్యాప్తి అంతటా ఒకేలా ఉండడం. లాగ్ తీసుకోకుండా ఒకసారి రిగ్రెషన్ చేసి, అంచనా విలువలకు ఎదురుగా అవశేషాలను గీసి చూడండి. అంచనా పెరిగేకొద్దీ అవశేషాల చెదురుదనం దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతూ ఉంటే, లాగ్ తీసుకోవడానికి హిస్టోగ్రామ్ ఇచ్చే దానికన్నా బలమైన కారణం దొరికినట్టే.

ఇక 0.47 సంగతి. సహజ లాగ్ తీసుకున్నప్పుడు గుణకాన్ని ఘాతరూపంలోకి మార్చాలి, అంటే e (సుమారు 2.718) కు దాన్ని ఘాతంగా వేయాలి. అలా మారిస్తే సుమారు 1.60 వస్తుంది, అంటే రెండో వర్గంలో విలువ 60 శాతం ఎక్కువ. గుణకం 0.05 వంటి చిన్న సంఖ్య అయితే 5 శాతం అని రాసినా పెద్ద తేడా రాదు, ఎందుకంటే అసలు విలువ 5.1 శాతమే. గుణకం పెద్దదయ్యేకొద్దీ ఆ సౌలభ్యం ఉండదు. అదే గుణకం ఋణాత్మకంగా −0.47 అయి ఉంటే తగ్గుదల 37.5 శాతం మాత్రమే. 1.6 రెట్లు కావడం, 1.6వ వంతుకు పడిపోవడం లాగ్ కొలబద్ద మీద సమాన దూరాలు, శాతాల్లో చెప్పినప్పుడే అవి వేరుగా కనిపిస్తాయి. అందుకే పట్టికలో శాతాల కన్నా నిష్పత్తులు ఇవ్వడం మేలు. విశ్వాస అంతరాన్ని (గుణకానికి అటూఇటూ సుమారు రెండు ప్రామాణిక దోషాల మేర) కూడా ముందు లాగ్ మీద లెక్కించి, తరువాత రెండు చివరలనూ మార్చండి: 0.27 నుంచి 0.67 వరకు అంటే 1.31 రెట్ల నుంచి 1.95 రెట్ల వరకు.

సమాధానం 2

మూడో సందేహానికి నేను రాస్తాను. 1 కలపడం నిరపాయకరమైన సర్దుబాటులా కనిపిస్తుంది కానీ, దాని ప్రభావం మీరు ఏ ప్రమాణంలో కొలిచారనే దాని మీద ఆధారపడి ఉంటుంది. ఒక రోగి విలువ లీటరుకు 2 మిల్లీగ్రాముల నుంచి 20కి పెరిగిందనుకుందాం. అసలు నిష్పత్తి 10 రెట్లు. 1 కలిపితే 3, 21 అవుతాయి, నిష్పత్తి 7కు పడిపోతుంది. ఇవే విలువలను డెసిలీటరుకు (లీటరులో పదో వంతుకు) రాస్తే 0.2, 2 అవుతాయి, వాటికి 1 కలిపితే నిష్పత్తి 2.5 మాత్రమే. రోగి అతడే, రక్తం అదే, ముగింపు మాత్రం మూడు రకాలుగా వచ్చింది. ఏమీ కలపకుండా లాగ్ తీసుకుంటే ప్రమాణం మారినా స్థిరపదం మాత్రమే మారుతుంది, చికిత్సా వర్గపు గుణకం చెక్కుచెదరదు. లాగ్‌కు ఉన్న ఈ మంచి గుణాన్ని ఆ 1 పాడుచేస్తుంది.

మీ సున్నాలు నిజమైన సున్నాలు కావు. యంత్రపు కొలత పరిమితి కన్నా తక్కువ అన్న సమాచారాన్ని ఎవరో 0గా నమోదు చేశారు. ముందుగా ప్రయోగశాల నుంచి ఆ పరిమితి ఎంతో తెలుసుకోండి. అలాంటి నమూనాలు కొద్దిగానే ఉంటే పరిమితిలో సగాన్ని, లేదా పరిమితిని 2 వర్గమూలంతో భాగించిన విలువను వాడడం వాడుకలో ఉంది. ఆ రెండింటితోనూ ఫలితం మారడం లేదని చూపించండి. ఎక్కువగా ఉంటే, ‘ఇంతకన్నా తక్కువ’ అన్న సమాచారాన్ని నేరుగా స్వీకరించే టోబిట్ తరహా రిగ్రెషన్ వాడడమే న్యాయం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కొలత పరిమితి కోసం ప్రయోగశాలకు రాస్తున్నాను. ఇదే దత్తాంశంలో ఒక్కో రోగి చికిత్సకు అయిన ఖర్చు కూడా ఉంది, దాని ఆకారమూ ఇలాగే ఉంది. దానికీ లాగ్ తీసుకొని, వచ్చిన సగటును వెనక్కి మార్చి రోగికి సగటు ఖర్చు అని చెప్పవచ్చా?

సమాధానం 3

అలా చెప్పకూడదు. లాగ్‌ల సగటును వెనక్కి మారిస్తే వచ్చేది గుణమధ్యమం. 1, 10, 100 అనే మూడు విలువల అంకమధ్యమం 37, గుణమధ్యమం 10. ఖర్చు విషయంలో నిర్వాహకులకు కావలసింది రోగుల సంఖ్యతో గుణిస్తే మొత్తం బడ్జెట్ వచ్చే సంఖ్య. ఆ పని 37 చేయగలదు, 10 చేయలేదు. ప్రోటీన్ విషయంలో సాధారణ రోగిని వర్ణించడానికి గుణమధ్యమం చక్కగా పనికొస్తుంది, కాబట్టి ఒకే ఆకారం ఉన్నంత మాత్రాన రెండింటికీ ఒకే పద్ధతి సరిపోదు.

విలువలు నిజంగా లాగ్-నార్మల్ అయితే (అంటే వాటి లాగ్‌లు నార్మల్ విభాజనంలో ఉంటే), వెనక్కి మార్చే ముందు లాగ్‌ల సగటుకు వాటి విస్తృతిలో (వేరియన్స్‌లో) సగం కలిపితే అంకమధ్యమం వస్తుంది. లాగ్ మీద విస్తృతి 1 అయినప్పుడు ఆ సవరణే సుమారు 1.65 రెట్లు, అంటే వదిలేయదగినంత చిన్నది కాదు. ఆ విభాజనాన్ని నమ్మలేనప్పుడు 1983లో డువాన్ ప్రతిపాదించిన స్మియరింగ్ అంచనా ఉంది, అది అవశేషాలనే ఘాతరూపంలోకి మార్చి వాటి సగటుతో గుణిస్తుంది. అయితే రెండు వర్గాల్లో అవశేషాల విస్తృతి వేరువేరుగా ఉంటే ఒకే సవరణ సరిపోదు, వర్గాల పోలికే తప్పుదారి పడుతుంది. అందువల్ల ఖర్చుకు నేనైతే లాగ్ లింక్‌తో గామా రిగ్రెషన్‌నే (కుడివైపు సాగిన ధన విలువలకు వాడేది) ఎంచుకుంటాను. అందులో లాగ్ ఒక్కో విలువకు కాక సగటుకు వర్తిస్తుంది కనుక, గుణకాలను ఘాతరూపంలోకి మార్చినప్పుడు వచ్చేవి సగటు ఖర్చుల నిష్పత్తులే. ఖర్చే లేని రోగులు కూడా ఉంటే గామాకు బదులు పాయిసాన్ రిగ్రెషన్‌ను దృఢ ప్రామాణిక దోషాలతో (విస్తృతి గురించిన ఊహ తప్పినా చెల్లేవాటితో) వాడవచ్చు. దానికి విలువలు పూర్ణాంకాలే కావాలన్న నియమం లేదు, సున్నాలతోనూ పేచీ లేదు.