గల్లంతైన పైలట్ స్మారక ఫలకం: ఒత్తులు విరగకుండా చెక్కేదెలా?

1971 డిసెంబరు భారత్-పాక్ యుద్ధంలో గల్లంతైన స్క్వాడ్రన్ లీడర్ పేరిట బెంగళూరులో నల్ల గ్రానైట్ ఫలకం పెట్టాలి. పలక 60×45 సెం.మీ., మందం 20 మి.మీ. లేజర్‌తో గీస్తే పైపైనే ఉంటుంది, నింపిన రంగు ఎండకూ వానకూ ఊడుతుంది. అందుకే ఇసుకను ఒత్తిడితో చిమ్మి (శాండ్‌బ్లాస్టింగ్) 2 మి.మీ. లోతు తీయించాలని ఆలోచన.

చిక్కల్లా ఒత్తులతోనే. ‘స్క్వా’లో స కింద క, వ రెండూ ఇరుక్కోవాలి. అక్షరం చిన్నదైతే, చెక్కకూడని చోట ఇసుక తగలకుండా రాయిపై అంటించే రబ్బరు స్టెన్సిల్ ఆ రెండిటి మధ్య సన్నగా ఉన్నచోట లేచిపోయి రెండూ కలిసి గుంటవుతాయి. 25 మి.మీ. ఎత్తు సరిపోతుందా? ఏ ఫాంట్ తట్టుకుంటుంది? బెంగళూరులో తెలుగు చెక్కడం తెలిసినవారున్నారా అండీ?

ఇంకోటి. మరణం నిర్ధారణ కాలేదు కనుక ‘అమరుడు’ అనడం తప్పే. గల్లంతైన తేదీ మాత్రమే వేసి, ‘ఆచూకీ తెలియలేదు’ కంటే గౌరవంగా ఏమని రాయవచ్చు?