సమస్య: తన్న నవ్వె బండి, తడుప నేడ్చె

పూరణపెద్ద (మోడరేటర్): నిన్న పొద్దున బండి శుభ్రంగా కడిగి, ఆఫీసుకి టైమైపోతోందని ఎక్కితే లేవదే! పదిహేనో కిక్కుకి నోట్లోంచి తిట్టు రావాల్సింది, పాదం వచ్చింది. ఆటవెలదిలో దిగిందని నా పెన్ను నవ్వింది, బండి నవ్వలేదు. సరే, ఇదే చివరి పాదంగా పై మూడూ మీరు రాయాలని మీ నెత్తిన పడేస్తున్నా. రోజూ తిరిగే చవక బళ్ళ మీదే పూరించాలి, నాలుగు సిలిండర్ల కలలు ఇక్కడొద్దు. ఎవరి బండి సంగతి వాళ్ళు నిజం చెప్పండి.

తన్న నవ్వె బండి, తడుప నేడ్చె

రెండోగేరు: నాదే బోణీ అన్నా.

సెల్ఫు చచ్చెనేని చింతేల, కిక్కుంది;
ప్లగ్గు టోపిలోన పడిన నీరు
నిప్పురవ్వ మింగె; నేటి ముచ్చట యిదే:
తన్న నవ్వె బండి, తడుప నేడ్చె.

నా బండికి సెల్ఫు పోయి ఏడాది, బాగు చేయించలేదు, కిక్కుకి ఒక్క తన్నుకే లేస్తుంది. కడిగిన రోజు మాత్రం ప్లగ్ క్యాప్ పీకి గుడ్డతో తుడిస్తే తప్ప ఉలకదు పలకదు.

గణదోషం: "నిప్పురవ్వ మింగె" బాగుంది తమ్ముడూ, నీరు నిప్పుని మింగడం ఎవరైనా రాస్తారు కానీ ప్లగ్గులో రాయడం నీకే తట్టింది. "నేటి ముచ్చట యిదే" మాత్రం పద్యానికి సైడ్ స్టాండు. అది తీసేస్తే పక్కకి పడిపోతుంది. పైగా టోపీలో పీ దీర్ఘం కదా, నీ అవసరానికి టోపి అయిపోయిందా?

రెండోగేరు: క్యాపుని టోపీ చేసిన వాణ్ణి, దీర్ఘం తీయడం ఒక లెక్కా అన్నా.

చైన్‌కవర్ శాస్త్రి: పిల్లాడి పద్యం పిల్లాడిలాగే ఉంది, ముచ్చటేసింది. నేను కిక్కూ నీళ్ళూ కాకుండా బళ్ళవాళ్ళ అసలు బాధ పట్టుకున్నాను.

కంపెనీల మాట గాలిలో దీపము;
గాలి తగ్గెనేని కరగు నంకె;
ట్యాంకు నింపి తిరిగి ట్యాంకు నింపగ తెలిసె;
తన్న నవ్వె బండి, తడుప నేడ్చె.

గాలి రెండుసార్లు ఎందుకు వాడానో గ్రహించగలరు. నాది స్ప్లెండరు, 97.2 సీసీ, బోరు 50 స్ట్రోకు 49.5, రెండూ యతిమైత్రి (పాదంలో రెండు చోట్ల అక్షరాలు జత కలవడం) కుదిరినట్టు పక్కపక్కనే ఉంటాయి. మీటర్లో ముల్లు చూసి మైలేజి చెప్పేవాళ్ళని నేను నమ్మను. ట్యాంకు మెడదాకా నింపడం, తిరగడం, మళ్ళీ అదే గీత దాకా నింపి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించడం. పోయిన నెల 412 కిలోమీటర్లకి 6.6 లీటర్లు పట్టింది, అంటే 62 పైచిలుకు. టైర్లలో గాలి చూసుకోని వారం అదే దారిలో 57కి దిగింది. నిదానంగా తోలే వాడికీ, సిగ్నల్ పడగానే ఎగిరే వాడికీ ఒకే అంకె చెప్పే ప్రకటన గాలిలో దీపం కాక మరేమిటి.

గణదోషం: గాలి గాలి చమత్కారానికి దండం గురువుగారూ, నిజంగానే. అయితే మూడో పాదం చివర "పగ తెలిసె" అని వేళ్ళ మీద లెక్కపెట్టండి. అయిదు లఘువులు, అన్నీ పొట్టి అక్షరాలే! ఇంద్రగణాల్లో, అంటే ఇక్కడ పడాల్సిన అక్షరాల గుంపుల్లో, అయిదు లఘువులది ఎప్పుడు చేరింది? ఎనభై దాటిన పెద్దమనిషి బండి మీద నలుగురు ఎక్కినట్టుంది. ఇంకో మాట, పై మూడు పాదాలకీ కింది పాదానికీ చుట్టరికమే లేదు. మైలేజి మాట చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి తన్నడమేంటి, తడపడమేంటి? సమస్యని పూరించలేదు, బంపర్ మీద స్టిక్కరులా అంటించారు.

నాలుగోపాదం: "తిరిగి ట్యాంకు"లో గి తర్వాత ట్యా ఉంది, గి గురువు (బరువు అక్షరం) అవదా మరి?

గణదోషం: వేరే పదం, అవ్వదు. ఉన్న తప్పు చాలు, లేనిది వెతకొద్దు.

చైన్‌కవర్ శాస్త్రి: "తెలిసె" బదులు "తేలె" అనుకోండి, ట్యాంకు నింపగ తేలె, అయిపోయింది. ఒక్క అక్షరం. టైపు చేసేటప్పుడు వేలు జారింది. దీనికి నలుగురు ఎక్కారనడం ఎందుకు? ఇదే గణదోషంగారు పోయిన సారి "గేరు మార్చ రాత్రి గెలిచె పగలు"కి నేను రాసిన "చైను వదులు కాగ చప్పుడు చేసెను"లో చై కీ చ కీ యతి కుదరదని మూడు పేజీలు వాదించారు. ఐ అనేది అ, ఆలతో చెల్లుతుందని ఇక్కడ రెండో తరగతి సభ్యుడికి కూడా తెలుసు. ఆ రోజు క్షమాపణ రాలేదు. ఈ రోజు కూడా నేను అడగను.

గణదోషం: అడగనంటూనే అడిగారు. చెల్లుతుంది, ఒప్పుకున్నాను, ఆ రోజే మనసులో ఒప్పుకున్నాను. కానీ ఆ పద్యంలో విషయదోషం అలాగే ఉంది. చైను వదులైతే మీరు బోల్టు బిగించి "తంతిలాగ మోగె" అని మురిసిపోయారు. చైను తంతిలా మోగేలా బిగిస్తే బేరింగులూ స్ప్రాకెట్టు పళ్ళూ అరిగి చస్తాయి.

రెండోగేరు: మరి ఎంత ఉండాలన్నా? నేనూ గట్టిగానే బిగించేశా.

గణదోషం: కింది వరస మధ్యలో వేలితో పైకి నొక్కి చూడు, మామూలు కమ్యూటర్ బళ్ళకి 20 నుంచి 30 మిల్లీమీటర్ల ఆట, అంటే కదలిక, ఉండాలి, మీ బండి పుస్తకంలో కూడా రాసుంటుంది. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూడు, ఎక్కడ బిగువుగా ఉందో అక్కడ కొలుచుకో, వదులుగా ఉన్నచోట కొలిచి బిగిస్తే రెండో చోట తెగేలా ఉంటుంది.

చైన్‌కవర్ శాస్త్రి: నా చైనుకి నిండు కవరుంది. దుమ్ము పడదు, నూనె ఆరదు. చూడటానికి బాగోదని పీకి పారేసి నల్లటి స్ప్రేలు కొట్టించుకునే వాళ్ళ చైన్లు చూశాను, ఏడాదికే కిర్రుమంటాయి. ఈ పేరు ఊరికే పెట్టుకోలేదు.

పూరణపెద్ద (మోడరేటర్): చైన్లు వేరే దారంలో కట్టుకోండి బాబూ. పూరణ కావాలి.

నాలుగోపాదం: అందరూ తడపడం అనగానే బకెట్టు పట్టుకున్నారు. నేను నీళ్ళు ముట్టుకోలేదు.

చోకు లాగి మరచి చొక్కా తడియ తన్న
ప్లగ్గు మునిగె తైల వార్ధిలోన;
నీటి వంక యేల? నిజము పెట్రోలేను;
తన్న నవ్వె బండి, తడుప నేడ్చె.

రెండోగేరు: అబ్బా. చొక్కా చెమటకి తడిసింది, ప్లగ్గు పెట్రోలుకి తడిసింది!

పూరణపెద్ద (మోడరేటర్): ఇదీ విరుపు. ప-వ మైత్రి కూడా హాయిగా పలికింది, ప్లగ్గుకీ వార్ధికీ. నిన్న నేను చేసింది కూడా ఇదేనని ఇప్పుడు అనుమానం వస్తోంది, నీళ్ళని ఉత్తినే తిట్టుకున్నా. చోకు (చల్లటి ఇంజనుకి పెట్రోలు పాలు పెంచే మీట) లోపలికి తోసి, యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగు తన్నులు తన్నితే లోపలి పెట్రోలు ఆరిపోయి లేచేది. అప్పుడు ఎవరికి గుర్తుంటుంది.

చైన్‌కవర్ శాస్త్రి: కొంచెం వివరం తక్కువైంది కానీ బాగుంది. చెమటకి "తడియ", సమస్యలో "తడుప" పక్కపక్కనే పెట్టడం తెలిసి చేశాడా తెలియక చేశాడా అన్నదే నా సందేహం.

నాలుగోపాదం: తెలిసే. మీ గాలిలాగే.

గణదోషం: బాగుంది కానీ ఇంకా చోకు లాగేవాళ్ళు ఎంతమంది మిగిలారు? ఇప్పటి బళ్ళలో కార్బొరేటరే లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్, పెట్రోలుని చుక్కలుగా చిమ్మడమే. కాలంతో పాటు పద్యం కూడా నడవాలి.

చోకు లేదు, నేటి చుక్కల పిచికారి;
సెన్సరొకటి తడిసి చేటు తెచ్చె;
బ్యాటరింత యున్న భయమేల యనుకొంటి;
తన్న నవ్వె బండి, తడుప నేడ్చె.

జెట్ నీళ్ళతో సీటు కింద కడిగించాను, ఒక కనెక్టర్లోకి నీళ్ళెళ్ళి మీటర్లో పసుపు దీపం వెలిగింది, మూడు రోజులు ఆరలేదు. "బ్యాటరింత యున్న" ఎందుకన్నానంటే ఇంజెక్షన్ బండికి కిక్కున్నా బ్యాటరీ పూర్తిగా పడుకుంటే పంపుకి కరెంటందక చాలా బళ్ళు లేవవు. పాత బండి అలవాటుతో తన్నుకుంటూ పోతే మోకాలే పోతుంది.

చైన్‌కవర్ శాస్త్రి: ఇంజెక్షన్‌ని పిచికారి అనడం... ఒప్పుకుంటున్నాను. నా చేత ఆ మాట అనిపించినందుకు ఈ పూట నాకు నిద్ర పట్టదు. అయితే మొదటి పాదంలో క్రియ ఏది? చుక్కల పిచికారి అని వదిలేస్తే అదేం చేసిందట?

గణదోషం: "లేదు" ఉందిగా. మీ "గాలిలో దీపము"లో ఎక్కడుంది క్రియ?

సెకండ్‌హ్యాండ్ సుబ్బులు: మగమహారాజులంతా ప్లగ్గులోంచి బయటికి రారా? నేను కామా జరిపాను, అంతే.

కొత్త బైకు కొన్న కుర్రతండ్రిని జూడు;
వాన వచ్చె, కవరు పరచలేదు;
చంకనున్న పిల్ల చక్కగా కడుపున
తన్న నవ్వె; బండి తడుప నేడ్చె.

మా మరిది. పాప పొట్టలో కాలితో తన్నితే పకపకా నవ్వాడు. అంతలో చినుకు పడింది. బయట బండి తడుస్తుంటే ఆ పిల్లని నా చేతిలో పడేసి పరుగెత్తాడు, సీటు మీద నీళ్ళు కర్చీఫుతో ఒత్తుతుంటే కళ్ళల్లో నీళ్ళు. అది నూట పాతిక సీసీ కూడా కాదు, నూరే.

రెండోగేరు: అక్కా!!! నవ్వింది బండి కాదు, ఏడ్చింది బండి కాదు!

నాలుగోపాదం: నా పెట్రోలు ఆవిరైపోయింది. "బండి"ని ద్వితీయ విభక్తి చేసేసింది, బండిని అని, వాన తడుపుతుంటే తండ్రి ఏడ్చాడు. కర్తనే ఎత్తుకుపోయింది.

గణదోషం: యతులన్నీ సరే. "చక్కగా" ఒక్కటే పాదం నింపడానికి వచ్చింది. పిల్ల చక్కగా తన్నడమేంటి?

చైన్‌కవర్ శాస్త్రి: ఈ ఒక్కసారికి గణదోషంగారితో ఏకీభవిస్తాను. "చంకనున్న పిల్ల జబ్బపై చనువున" అంటే చ-జ మైత్రీ నిలుస్తుంది, పిల్లకి గారమూ వస్తుంది.

సెకండ్‌హ్యాండ్ సుబ్బులు: చనువున బాగుంది బాబాయిగారూ, తీసుకుంటున్నా. కానీ అది తన్నింది పొట్టలోనే. జబ్బ మీద తంతే మా మరిది నవ్వే రకం కాదు.

గణదోషం: శాస్త్రిగారి సవరణ నాకూ నచ్చింది. ఇది ఎక్కడైనా దాచుకోండి గురువుగారూ, మళ్ళీ అనను.

పూరణపెద్ద (మోడరేటర్): సుబ్బులుగారిదే ఈ వారం. పిచికారికి నా తరఫున ఒక దండ వేరే. పక్కన ఎవరో 1958 నాటి హోండా సూపర్ కబ్ బండి గురించి వ్యాసం మొదలుపెట్టారు, 2017కే పది కోట్ల బళ్ళు దాటిందని మొదటి వాక్యం, అది అక్కడే కానివ్వండి. వచ్చే వారానికి:

పంచరైన టైరు పరుగు గెలిచె

రెండోగేరు: ట్యూబ్‌లెస్!

పూరణపెద్ద (మోడరేటర్): ఆ మాట వాడిన వాడి పద్యం తీసేస్తాను.

చైన్‌కవర్ శాస్త్రి: "పరుగు గెలిచె"లో గు-గె పక్కపక్కన పడి నాలుక తట్టుకుంటోంది. సమస్య ఇచ్చే ముందు ఒకసారి పైకి చదువుకుంటే బాగుండేది.